నీలి వెంట తిరిగిన గాలి

పొద్దున్నే బండి తీసే ముందు సురేందర్ వాకిట్లో రెండు పనులు చేస్తాడు. పనిముట్ల సంచి మూతి బిగించి కడతాడు. దండెం మీద ఆరేసిన బట్టలకు క్లిప్పులున్నాయో లేదో చూస్తాడు. అప్పటికే వాళ్ళమ్మ నీలి లేచి అరుగు మీద కూర్చుని ఉంటుంది. నీలి లేచిందంటే ఆమె గాలి కూడా లేచినట్టే.

నర్సింహులపేట దగ్గరి వాళ్ళ తండాలో ఇదేమీ వింత కాదు. కొందరి వెంట కుక్క తిరుగుతుంది, కొందరి వెంట పిల్లలు తిరుగుతారు, నీలి వెంట గాలి తిరుగుతుంది. ఆమె కూర్చుంటే చుట్టూ చేరుతుంది, నడిస్తే కొంగు పట్టుకుని నడుస్తుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. వడ్లు తూర్పారబట్టే రోజుల్లో ఆమెకు కబురు మీద కబురు. "నీలక్కా, జర మా కళ్ళంల కూసొని పో" అని తీసుకుపోయి, నీడలో మంచం వేసి, చాయ్ ఇచ్చేవాళ్ళు. ఆమె చాయ్ తాగేలోపు తాలు ఒక దిక్కు, గింజ ఒక దిక్కు అయ్యేది. ఎండాకాలం పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు పక్క కుర్చీ ఆమెదే. మరిపెడ బస్సెక్కితే కండక్టర్ చెప్పకముందే తనే వెనక సీటుకు పోయి కూర్చునేది. ఆమె దగ్గరుంటే పొయ్యి వెలగదు కాబట్టి మొగుడు సేవ్యా బతికినన్నాళ్ళూ తనే వండి పెట్టాడు. ఆయన పోయాక ఆ పని కోడలు కవిత మీద పడింది. అత్త వాకిట్లో ఉన్నంతసేపూ వంటింటి తలుపు మూసుకుని వండడం ఆమెకు అలవాటైపోయింది.

బాలింత ఉన్న ఇంటి గడప మాత్రం నీలి తొక్కేది కాదు. అది ఎవరో పెట్టిన కట్టు కాదు, తనకు తాను పెట్టుకున్నది. పచ్చి ఒంటికి గాలి తగిలితే ఏమవుతుందో ఎవరిని అడిగినా చెబుతారు. అందుకే చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీలకు దుప్పట్లు. తన పిల్లలిద్దరినీ, సురేందర్‌నూ వాడి చెల్లె కల్యాణినీ, నీలి గొంగడిలో చుట్టి, ముక్కు మాత్రం బయటికి పెట్టి పాలిచ్చింది. నీళ్ళు పోసిందీ, ఒళ్ళో ఆడించిందీ వాళ్ళ నానమ్మే.

"నా పిల్లలు నా ఒళ్ళె కన్న గొంగట్లనే ఎక్కువ పెరిగిన్రు" అని నీలి నవ్వేది. ఆ నవ్వు ఎక్కడ తెగుతుందో సురేందర్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు.

సురేందర్ మరిపెడలో ఒక దుకాణం తరఫున గ్యాస్ గీజర్లు బిగిస్తాడు. చలి మొదలైందంటే తీరిక ఉండదు. గీజర్ బిగించడం పెద్ద పని కాదు. బాత్రూం గోడకున్న వెంటిలేటర్‌ను తెరిచి ఉంచేటట్టు ఇంటివాళ్ళను ఒప్పించడమే పెద్ద పని. గీజర్ బయటి గోడకు పెట్టుకోండి అంటే, వానకు తడుస్తుందంటారు. లోపల పెడితే కిటికీ తెరిచి ఉంచండి అంటే, తలూపి, అతను సందు మలుపు తిరగ్గానే మూసేస్తారు. ఒకరు అట్టముక్క, ఒకరు పాత ఫ్లెక్సీ, ఒకరు సిమెంటు సంచి. గ్యాస్ మండాలంటే గాలి కావాలి. మూసిన గదిలో మండితే లోపలున్న మంచి గాలిని అది తినేసి, విషాన్ని వదులుతుంది. ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు. తల కాస్త బరువెక్కినట్టుంటుంది, ఓ నిమిషం కూర్చుందామనిపిస్తుంది. అలా కూర్చున్నవాళ్ళు లేవరు.

"తాతా, మళ్ళ అట్ట పెట్టినవ్ గద" అన్నాడు ఓసారి, బుచ్చయ్య అనే ముసలాయన ఇంట్లో.

"కోతులు బిడ్డా! చెయ్యి లోపటికి పెట్టి సబ్బు ఎత్తుకపోతున్నయ్. మొన్న మా ముసల్ది తానం చేస్తాంటే తువ్వాల గుంజింది."

"నేను ఇనుప జాలి కొట్టిస్త. కోతి చెయ్యి పట్టది."

"జాలిలకెల్లి దోమలొస్తయ్."

"దోమ కుడితే గోక్కుంటం తాతా. గిది కుడితే గోక్కునేటోడు సుత మిగలడు."

బుచ్చయ్య పకపకా నవ్వాడు. సురేందర్ కూడా నవ్వాడు. ఆ రోజుల్లో ఈ మాటలన్నీ అతను నవ్వుతూనే చెప్పేవాడు, వాళ్ళూ నవ్వుతూనే వినేవాళ్ళు. అట్ట తీసి బయట పారేసి, జాలీ కొట్టి, మళ్ళీ వచ్చి చూస్తానని బెదిరించి వచ్చేవాడు.

కల్యాణిని భూపాలపల్లిలో ఇచ్చారు. మొగుడు రాకేశ్ బొగ్గు లారీ నడుపుతాడు, మెత్తటి మనిషి. పెళ్ళైన రెండో ఏడు కల్యాణికి నెల తప్పింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ ఆ పుట్టింట్లో నీలి ఉంది, నీలి వెంట గాలి ఉంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఏడో నెల దగ్గరపడుతుంటే నీలే అంది.

"బిడ్డను ఆడ్నే ఉండనియ్యిన్రి. ఈడ నా గాలిల ఎట్ల పురుడు పోసుకుంటది?"

కల్యాణి ఫోన్లో ఏడ్చింది. తండాలో అమ్మను యాడీ అంటారు. "యాడీ, నేనొస్త. నీ తానకు రాక ఇంకెవరి తానకు పోవాలె?" అంది. నీలి ఫోన్ కొడుకు చేతిలో పెట్టి వాకిట్లోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం తండాలో ఒక్క దండెం మీదా బట్ట నిలవలేదు. ఎవరి బట్టలు వాళ్ళు చేన్లలోంచి ఏరుకొచ్చారు.

పుట్టింటి నుంచి పోవలసినవన్నీ భూపాలపల్లికి పోయాయి. వాటితో పాటు సురేందర్ చెల్లెకోసం ఒక గీజర్ తీసుకుపోయాడు. చలికాలం పురుడు, వేడినీళ్ళకు ఇబ్బంది పడొద్దని. తన చేతులతో తనే బిగించాడు. బయట గోడ పక్కింటివాళ్ళది, అందుకని లోపలే పెట్టాల్సి వచ్చింది.

"చెల్లె, గీ కిటికి మూసేది లేదు. ఎవలు చెప్పినా మూసేది లేదు."

"పదిసార్లు చెప్తవేందే అన్నా. ఎరికైంది" అంది కల్యాణి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని.

ఆడపిల్ల పుట్టింది. రాకేశ్ నానమ్మ పేరే పెట్టారు, లాలి అని. ఫోటోలు వచ్చాయి. నీలి ఆ ఫోన్‌ను చేతిలో పట్టుకుని, అద్దం మీద వేలితో పాప బుగ్గ రాస్తూ కూర్చునేది. వేలు తగిలినప్పుడల్లా ఫోటో జరిగిపోయేది. సురేందర్ మళ్ళీ తెచ్చి పెట్టేవాడు.

కొన్నాళ్ళకు ఆమె ఉండలేకపోయింది.

"దూరం నుంచే చూస్తరా. సడక్ అవుతల నిలవడి చూస్త. గాలి అంత దూరం పోదు."

సురేందర్ ఫోన్ చేసి చెప్పి, తల్లిని బస్సెక్కించుకుని పోయాడు. రాకేశ్ వాళ్ళ ఇంటి ఎదురుగా రోడ్డుకు ఆవలి పక్క ఓ మూసిన దుకాణం ఉంది. నీలి దాని షట్టర్‌కు వీపు ఆనించి నిలబడింది. షట్టర్ గడగడలాడింది. ఎదురుగా ఇంట్లో అద్దాల కిటికీ వెనక కల్యాణి కనిపించింది. తలకు గుడ్డ, చెవుల్లో దూది, మొహం నిండా నవ్వు. పాపను రెండు చేతులతో పైకెత్తి చూపించింది. నీలి అక్కడి నుంచే రెండు చేతులూ చాచి, మెటికలు విరిచి దిష్టి తీసింది.

కల్యాణి అద్దం వెనక ఏదో చెప్పింది, వినబడలేదు. తల మీద నీళ్ళు పోసుకుంటున్నట్టు చెయ్యి ఆడించి, ఉండు, పోకు అన్నట్టు వేలు చూపించింది.

"తానం చేసొచ్చి మళ్ళ చూపిస్తదట" అన్నాడు సురేందర్.

"సాలు. చూసిన" అంది నీలి. "నేను బస్టాండ్ల కూసుంట. ఈడ ఎంతసేపుంటే అంత గాలి. నువ్వు పో, బువ్వ తిని రా." కొంగు తల మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే రోడ్డు మీది దుమ్ము లేచి, వెంట వెళ్ళింది.

సురేందర్ ఇంట్లోకి పోయాడు. రాకేశ్ కుర్చీ వేశాడు. రాకేశ్ తల్లి పాపను ఒళ్ళో వేసుకుని జోకొడుతోంది. చాయ్ తాగారు. లారీల సంగతి, మిర్చి పంట సంగతి మాట్లాడుకున్నారు. బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది. చాయ్ అయిపోయింది, మాటలు అయిపోయాయి, నీళ్ళ చప్పుడు ఆగలేదు. చెంబు ముంచే చప్పుడు, ఒంటి మీద పోసుకునే చప్పుడు ఏదీ లేదు, ఒట్టి ధార ఒకటే బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు. సురేందర్ కుర్చీ పడేసి లేచాడు.

తలుపు విరగ్గొట్టేసరికి కల్యాణి స్టూలు మీద గోడకు తల ఆనించి కూర్చుని ఉంది, అలసిపోయి కునుకు తీసినట్టు. మొహంలో ఎరుపు కూడా పోలేదు. పైన వెంటిలేటర్‌లో ఒక పాత చీర మడతలు మడతలుగా, సందు లేకుండా కుక్కి ఉంది.

దవాఖానలో చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

వరండాలో రాకేశ్ తల్లి నేల మీద కూలబడి, సురేందర్ కాళ్ళు పట్టుకుంది. "మీ అమ్మొస్తాందని ఫోన్ చేసినవ్ గద నాయినా. గాలి దూరుతదని పొద్దుగాల నేనే కుక్కిన. ఆ పిల్ల వద్దన్నది. అన్న తిడ్తడత్తా, వద్దన్నది. గీ ఒక్క పూటకే అని నేనే కుక్కిన."

బస్టాండ్ నుంచి ఎవరో నీలిని తీసుకొచ్చారు. ఆమె వరండా చివర నిలబడి ఆ మాట వింది. గోడలకు అంటించిన కాగితాలన్నీ రెపరెపలాడాయి. ఒక నర్సు వచ్చి వాటిని ఒక్కొక్కటే అరచేత్తో అదిమి, అలాగే పట్టుకుని నిలబడింది. నీలి ఏడవలేదు. రాకేశ్ చేతుల్లో ఉన్న పాప వైపు ఒకసారి చూసి, వెనక్కి నడిచి, మెట్లు దిగి, తన గాలి ఎవరికీ తగలనంత దూరం పోయి కూర్చుంది.

ఆ తరువాత నీలి ఏ కళ్ళానికీ పోలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళు ఆమె మొహం చూసి, ఊరికే కాసేపు కూర్చుని లేచిపోయేవాళ్ళు. తండా బయట ఒక బండరాయి మీద ఒంటరిగా కూర్చునేది. గాలి ఆమె చుట్టూ తిరిగి తిరిగి, ఎండుటాకులు ఎత్తి, మళ్ళీ ఆమె కాళ్ళ దగ్గరే పోసేది. లాలిని చూడాలని అడగలేదు. రాకేశ్ ఫోన్ చేసి వీడియోలో పాపను చూపిస్తే, మాట వినేది, మొహం మాత్రం పక్కకు తిప్పుకునేది.

సురేందర్ కొంతకాలం పని మానేశాడు. గీజర్ పెట్టె కనబడితే పక్కకు తిరిగి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ ఎందుకు మొదలుపెట్టాడంటే, ఇళ్ళలో గీజర్లు ఎట్లాగూ పెట్టించుకుంటున్నారు. తను పోకపోతే ఇంకొకరు పోతారు. ఆ ఇంకొకరు కిటికీ గురించి చెబుతారో లేదో. కానీ మనిషి మారిపోయాడు. ఇప్పుడు నవ్వుతూ చెప్పడం లేదు. సోమనర్సయ్య అనే ఆయన, ఎదురింటి మేడ మీది నుంచి తన కోడలు కనబడుతుందని కిటికీకి రేకు కొట్టిస్తే, సురేందర్ సుత్తితో ఆ రేకును ఊడబెరికి వాకిట్లో విసిరేశాడు. "కనబడితే కనబడనియ్యి! సచ్చినంక సుత నలుగురు చూస్తరు!" అని అరిచాడు. దుకాణం సేటు పిలిచి, "గట్ల మాట్లాడితే ఎట్ల సురేందర్, గిరాకి మనిషి గద" అన్నాడు. సురేందర్ తల వంచుకుని విన్నాడు. మర్నాడు ఇంకో ఇంట్లో ఇంకో రేకు ఊడబెరికాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. మరిపెడలోనే రాజలింగం అనే రైతు ఇంట్లో గీజర్ బాగుచేయమని కబురొచ్చింది. మంట సరిగ్గా రావట్లేదట. పోయి చూస్తే, మంటకేమీ కాలేదు. గదిలో గాలి లేక, నీలంగా ఉండాల్సిన మంట పసుపుపచ్చగా కొట్టుకుంటోంది. వెంటిలేటర్ నిండా థర్మాకోల్ ముక్క, చుట్టూ టేపు.

రాజలింగం భార్య చంద్రమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. లోపలి గదిలో పసిపిల్లవాడి ఏడుపు.

"పెద్దమ్మా, ఇంట్ల బాలెంత ఉన్నదా?"

"మా బిడ్డ హరిత. ఎన్ని కడుపులు పోయినంక దక్కిన కొడుకో నీకేం ఎరిక బిడ్డా. మొక్కని దేవుడు లేడు. నెల దాటింది, ఇప్పుడిప్పుడే తన తానం తను చేస్తాంది. జర గాలి తగిలినా నా పాణం ఆగది."

సురేందర్ అరవలేదు. ఆ ఏడుపు వింటూ అరవలేకపోయాడు. స్టూలు మీద కూర్చుని, కల్యాణి సంగతి మొదటి నుంచి చెప్పాడు. ఇంతకుముందు ఏ ఇంట్లోనూ చెప్పలేదు. పాత చీర దగ్గరికి వచ్చేసరికి మొహం తుడుచుకున్నాడు. చంద్రమ్మ కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అయ్యో నా కొడుకా. తీసెయ్యి, నీ చేత్తోనే తీసెయ్యి" అంది.

అతను థర్మాకోల్ పీకేశాడు. చల్లటి గాలి లోపలికి వచ్చింది. రెండు రోజుల తరువాత ఆ సందులోంచి పోతూ తలెత్తి చూస్తే, వెంటిలేటర్‌లో కొత్త థర్మాకోల్ తెల్లగా కనబడింది. తలుపు కొట్టాడు. ఈసారి రాజలింగం వచ్చాడు.

"చూడు సురేందర్, నువ్వు చెప్పింది అబద్ధమని అంటలేను. కానీ పిల్లకు రాత్రి వణుకొచ్చింది. ఆడోళ్ళు పరేషాన్ అయితున్రు. చలి తగ్గంగనే నేనే తీసేస్త."

"గట్లయితే గీజర్ తీస్కపోత బాపు."

"బాలెంత ఇంట్ల ఏడినీళ్ళు లేకుంట ఎట్ల?"

"కట్టెల పొయ్యి మీద కాగబెట్టుకోన్రి."

"నువ్వు పో నాయినా" అన్నాడు రాజలింగం. కోపంతో కాదు, అలసటతో. తలుపు మెల్లగా వేసుకున్నాడు.

ఇంటికొచ్చి సురేందర్ అన్నం ముందు కూర్చుని తినలేకపోయాడు. "ఒక్క పూటనే అన్నరు ఆడ. చలి తగ్గంగనే అంటున్నరు ఈడ" అన్నాడు కవితతో. "ఎవలు చెడ్డోళ్ళు కాదు కవితా. అందరు ప్రేమతోటే మూస్తరు. నేనేం జెయ్యాలె?" కవిత కంచం పక్కకు జరిపి అతని చెయ్యి పట్టుకుంది.

వాకిట్లో నీలి అదంతా వింది. తెల్లారి అతను బండి తీస్తుంటే వచ్చి వెనక ఎక్కి కూర్చుంది.

"ఏడికి యాడీ?"

"ఆ బాలెంత ఇంటికి."

"బాలెంత ఇంటికి నువ్వా?"

"లోపటికి పోను. గోడ అవుతల కూసుంట. ఆ కిటికి కాడ."

సురేందర్‌కు ఇంకో ఉపాయం ఏదీ తోచలేదు. బండి తీశాడు. తల్లి వెనకుంటే గాలి వీపును తోస్తుంది, బండి దానంతటదే పోతుంది.

గేటు దగ్గర వాళ్ళను చూడగానే చంద్రమ్మ మొహం పాలిపోయింది. నీలి ఎవరో మరిపెడలో తెలియనివాళ్ళు లేరు.

"సురేందరూ! నీకు బుద్ధున్నదా? పసిగుడ్డున్న ఇంటికి నీలక్కను తోల్కొస్తవా? నీలక్కా, నీ కాళ్ళు మొక్కుత, మర్లిపో. నా బిడ్డ తానం చేస్తాంది" అంటూ తలుపు వేసి, లోపల గడియ పెట్టుకుంది.

నీలి ఇంటి పక్క సందులోంచి పెరటి వైపు నడిచింది. సురేందర్ వెంట పోయాడు. బాత్రూం గోడ దగ్గర గీజర్ బుస్సుమనే చప్పుడు, నీళ్ళ చప్పుడు వినబడుతున్నాయి. పైన తెల్లటి థర్మాకోల్. సురేందర్ చెవి గోడకు ఆనించాడు. ఒట్టి ధార, బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు.

"హరితక్కా!" అని అరిచాడు. బదులు లేదు. ముందు తలుపు దగ్గరికి పరిగెత్తి బాదాడు. "పెద్దమ్మా, తలుపు తియ్యి! అక్క మాట్లాడ్తలేదు! జల్ది తియ్యి!" లోపల చంద్రమ్మ, అతను నీలిని లోపలికి తేవడానికే ఆ మాట అంటున్నాడనుకుంది. తియ్యలేదు.

అతను మళ్ళీ వెనక్కి పరిగెత్తి వచ్చేసరికి, నీలి రెండు అరచేతులూ గోడ మీద ఆనించి, నుదురు గోడకు తాకించి నిలబడి ఉంది. తమ తండా మాటలో, పిల్లలతో మాట్లాడే గొంతుతో గాలితో అంటోంది.

"పో బిడ్డా. నా ఎంట తిరిగింది సాలు. నాకొద్దు ఇగ. లోపట ఆడిపిల్ల ఉన్నది, పో."

సురేందర్ కళ్ళ ముందే ఆమె కొంగు ఎగరడం ఆగి, భుజం మీద నుంచి నిటారుగా వేలాడింది. పుట్టినప్పటి నుంచీ ఆమె మొహం చుట్టూ ఆడుతుండే వెంట్రుకలు చెంపలకు అంటుకున్నాయి. గోడ వెంట పైకి ఏదో పాకినట్టు సున్నం పొడి రాలింది. థర్మాకోల్ కిర్రుమంది, ఉబ్బింది, పిండి పిండి అయి లోపలికి పోయింది. లోపల చెంబు దొర్లింది, అద్దం పగిలింది, గీజర్ మంట ఆరిన చప్పుడు వినబడింది. లోపలి నుంచి ఎవరో భుజంతో తోసినట్టు బాత్రూం తలుపు గడియ ఊడిపోయి తలుపు తెరుచుకుంది. ఆ వెంటే ఇంట్లో తలుపులన్నీ ఒకదాని తరువాత ఒకటి తెరుచుకున్నాయి.

చంద్రమ్మ కేక విని సురేందర్ లోపలికి పరిగెత్తాడు. హరిత నేల మీద పక్కకు ఒరిగి పడి ఉంది. ఒళ్ళంతా తెల్లటి థర్మాకోల్ పూసలు. చంద్రమ్మ చీర కప్పి, తల ఒళ్ళోకి తీసుకుంది. గాలి హరిత మొహం మీద కొడుతూనే ఉంది, కొడుతూనే ఉంది. కొంతసేపటికి హరిత దగ్గింది. కళ్ళు తెరిచింది.

"అమ్మా, తల పలుగుతాంది" అంది.

రాజలింగం చేను నుంచి పరిగెత్తుకొచ్చి ఆటో మాట్లాడాడు. దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. ఇంకాసేపు అయితే దక్కేది కాదన్నారు. మూడో నాటికి హరిత ఇంటికొచ్చి కొడుకుకు పాలిచ్చింది.

గాలి మాత్రం తిరిగి నీలి దగ్గరికి రాలేదు. రాజలింగం ఇంటి వెంటిలేటర్‌లోనే ఉండిపోయింది. అందులో ఏది పెట్టినా బయటికి తోసేస్తుంది. హరిత స్వెట్టర్ వేసుకుని, పిల్లవాడికి ఉన్ని టోపీ పెట్టి, స్నానానికి పోతుంది. చంద్రమ్మ ఆ కిటికీ కింద పసుపు రాసి, బొట్టు పెట్టింది. ఒకరోజు పాలు తీసుకుని తండాకు వచ్చి, నీలి పక్కన బండరాయి మీద కూర్చుంది. "నీలక్కా, నీ బిడ్డకు కావాల్సింది నా బిడ్డకు ఇచ్చినవ్" అని మాత్రం అని, ఏడ్చి, వెళ్ళిపోయింది.

నీలికి గాలి లేకుండా బతకడం చేతకాలేదు. చెమట అంటే ఏమిటో ఆమె అప్పటిదాకా ఎరగదు. ఎండలు ముదిరే కొద్దీ నుదుటి మీద పుట్టిన తడిని వేలితో తీసి, ఇదేమిటన్నట్టు చూసుకునేది. రాత్రులు ఊపిరాడనట్టు లేచి కూర్చునేది. సురేందర్ ఫ్యాను కొనుక్కొచ్చి పెట్టాడు. ఆమె దాని ముందు కూర్చుని, పరాయి మనిషి ముందు కూర్చున్నట్టు ముడుచుకునేది. పొయ్యి దగ్గరికి పోయి మొదటిసారి అగ్గిపుల్ల గీసిన రోజున, అది ఆరకుండా చివరిదాకా మండి వేలు కాల్చింది. అప్పుడు ఏడ్చింది నీలి. కల్యాణి పోయినప్పుడు ఏడవని ఏడుపంతా ఆ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. కవిత పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఆ ఏడుపు తీరాక, "నన్ను భూపాలపల్లి తీస్కపో" అంది కొడుకుతో.

ఎండ నిప్పులు చెరిగే మధ్యాహ్నం బస్సు దిగారు. ఈసారి నీలి రోడ్డుకు ఆవలి పక్క నిలబడలేదు. నేరుగా గడప దాటింది. కరెంటు లేదు, ఫ్యాను ఆగి ఉంది. రాకేశ్ తల్లి లేచి నిలబడింది. ఆమె చూపు ముందు గుమ్మానికి వేలాడుతున్న పరదా మీదికి పోయింది. నీలి దాని పక్కనే నిలబడి ఉంది, పరదా కదలలేదు. ఆమెకు అర్థమైంది. గాలి నీలిని విడిచిపోయిన కబురు భూపాలపల్లి దాకా ఎప్పుడో వచ్చింది.

"వదినా" అంది రాకేశ్ తల్లి. చేతులు రెండూ జోడించింది.

నీలి ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. "నీ చేతులేం జేసినయ్ వదినా. నా గాలికి బుగులువడి మూసినవ్. దాన్ని గిట్ల ఇడిసిపెట్టొచ్చని నాకు ముందే ఎరికైతే, నా బిడ్డ పురుడు నా ఇంట్లనే పోసుకోకపోవునా."

సురేందర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. రాకేశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

రాకేశ్ తల్లి లోపలి నుంచి లాలిని తెచ్చి నీలి ఒళ్ళో కూర్చోబెట్టింది. పాపకు అప్పటికి నడక వచ్చింది, కొత్తవాళ్ళంటే ఏడుస్తుంది. నీలిని చూసి ఏడవలేదు. ఆమె ముక్కుపుడక పట్టుకుని గుంజింది. నీలికి గొంగడి చుట్టని ఒట్టి ఒంటి పిల్లను ఎలా పట్టుకోవాలో తెలియలేదు. ముందు భుజాలు పట్టుకుంది, తరువాత నడుం, చివరికి పాపే ఆమె రొమ్ముకు తల ఆనించి సర్దుకుంది. ఆ చిన్న వీపు చెమటతో తడిసిపోయి ఉంది. ఉక్కకు పాప అటూ ఇటూ మసిలింది.

ఇంటిల్లిపాదీ గాలికోసం నీలి వైపే చూశారు, పాత అలవాటుకొద్దీ. ఆ తరువాత ఒక్కొక్కరే చూపు దించుకున్నారు.

నీలి కొంగు అంచు చేతిలోకి తీసుకుంది. కాసేపు దానివంక చూసింది. పుట్టి ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని అది, చెయ్యి తిరగలేదు. మొదట కొంగు పాప మొహానికి తగిలింది. రెండోసారి తగల్లేదు. మెల్లగా, చేతకానట్టుగా, నీలి తన మనవరాలికి గాలి విసరడం మొదలుపెట్టింది. లాలి నుదుటి మీది వెంట్రుకలు కదిలాయి. కరెంటు వచ్చి నెత్తిన ఫ్యాను తిరగడం మొదలైనా, పాప నిద్రపోయినా, ఆమె చెయ్యి ఆపలేదు.